మిగిలిన అన్నం ఎవరి హక్కు?

అల్లాహ్ మానవులకు ప్రసాదించిన అనుగ్రహాలు లెక్కలేనన్ని. వాటిలో ఆహారం విలువ ఏమిటో అనంతపురం వాసులకు వేరొకరు చెప్పనవసరం లేదు. నైరుతి ఋతుపవనాల గాలులు పడమటి కనుమలు దాటి ఇక్కడికి చేరేసరికి వాటిలో తేమ తగ్గిపోతుంది. ఈశాన్య ఋతుపవనాల వాన కూడా తీరం నుండి ఇంత దూరం పూర్తిగా రాదు. అందుకే ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడితే అదే మహా భాగ్యం. ఆ కొద్ది వానను నమ్ముకుని రైతు ఎర్రనేలలో వేరుశనగ విత్తుతాడు. వాన తప్పితే పంట పోతుంది. అప్పు మిగులుతుంది. కుటుంబం బెంగళూరు బస్సు ఎక్కుతుంది. 1876-78 నాటి ధాత కరువు, 1950ల మొదట్లో రాయలసీమలో వెలసిన గంజి కేంద్రాలు ఇక్కడి పెద్దల మాటల్లో ఇప్పటికీ వినిపిస్తాయి. జాతీయ గ్రామీణ ఉపాధి హామీ పథకాన్ని 2006 ఫిబ్రవరి 2న ఇదే జిల్లా నార్పల మండలంలోని బండ్లపల్లిలో ప్రారంభించారంటే, ఈ నేల మీద కూటి కష్టం ఎంతటిదో తెలుస్తుంది.

ఇలాంటి ఊరిలోనే మరో దృశ్యం కూడా ఉంది. వలీమా విందు ముగిశాక ఫంక్షన్ హాలు వెనుక సగం దేగ్ బిర్యానీ మిగిలిపోతుంది. రాత్రి పదకొండు గంటలకు హోటల్ మూసేటప్పుడు రొట్టెలు, కూరలు, అన్నం చెత్తబండికి చేరుతాయి. కిరాణా అంగడిలో గడువు దగ్గరపడిన బ్రెడ్డు, పాల ప్యాకెట్లు, కాస్త వాడిన కూరగాయలు మూలన పడి కుళ్ళుతాయి. అక్కడికి కొద్ది దూరంలోనే, సర్వజనాసుపత్రి ఆవరణలో, పల్లె నుండి రోగి వెంట వచ్చిన మనిషి చేతిలోని డబ్బు మందులకు దాచుకుని ఖాళీ కడుపుతో పడుకుంటాడు.

ఈ రెండింటి మధ్య దూరం తగ్గించే బాధ్యత ఎవరిది? ఈ విషయంలో మన ధర్మం ఏమంటుంది? మనం ఏం చేయగలం? ఈ పాఠంలో తెలుసుకుందాం.

దివ్య ఖుర్ఆన్ ఉపదేశం

దైవమార్గంలో ఏమి ఖర్చు చేయాలని సహాబాలు దైవప్రవక్త (స)ను అడిగారు. దానికి సమాధానంగా అవతరించిన ఆయతు (అల్ బఖరా : 219) ఒకే ఒక్క పదంతో జవాబిచ్చింది. ఆ పదం ‘అఫ్వ్’. తమ అవసరాలు తీరగా మిగిలినది అని ధర్మవేత్తలు దీనికి వివరణ ఇచ్చారు. అంటే మిగులు అనేది పారవేసే వస్తువు కాదు, దైవమార్గంలో ఇవ్వదగిన వస్తువు. ఖుర్ఆన్ దానికి చూపిన గమ్యం చెత్తకుండీ కాదు, అవసరం గల మనిషి.

అజ్జారియాత్ సూరాలో (51 : 19) దైవభీతిపరుల సంపదలో రెండు రకాల వారికి హక్కు ఉందని అల్లాహ్ తెలిపాడు. ఒకరు అడిగేవారు. రెండవవారు అడగకుండానే ఉండిపోయే అభాగ్యులు. ఇక్కడ ‘హక్కు’ అన్న మాటను గమనించాలి. ఇచ్చేవాడు దయ చూపుతున్నానని అనుకోవచ్చు. కాని అల్లాహ్ దృష్టిలో అతను తన దగ్గరున్న ఇతరుల సొమ్మును వారికి అప్పగిస్తున్నాడు. బస్టాండులో చేయి చాచే మనిషి మనకు కనిపిస్తాడు. పరువు కోసం నోరు మెదపని ఎదురింటి వితంతువు కనిపించదు. ఆమెను వెతికి పట్టుకోవడం కూడా మన బాధ్యతే.

ఇక వృథా విషయానికి వస్తే, అల్ ఆరాఫ్ సూరా 31వ ఆయతు తినడానికి, త్రాగడానికి అనుమతి ఇస్తూనే మితిమీరడాన్ని నిషేధించింది. బనీ ఇస్రాయీల్ సూరా 26, 27 ఆయతులు బంధువుకు, నిరుపేదకు, బాటసారికి వారి హక్కును ఇవ్వమని చెప్పి, ఆ వెంటనే దుబారా చేసేవారిని షైతాను సోదరులుగా పేర్కొన్నాయి. ఈ రెండు విషయాలు పక్కపక్కనే రావడంలో గొప్ప మర్మం ఉంది. దుబారా జరిగే చోట ఎవరి హక్కో ఒకటి హరించుకుపోతుంది.

అల్ బలద్ సూరా (90 : 14-16) ఒక ఎత్తైన కనుమను ఎక్కడం గురించి చెబుతూ, ఆకలి దినాన అన్నం పెట్టడాన్ని అందులో చేర్చింది. పంట బాగా పండిన ఏడాది పెట్టడం సులభం. కరువు రోజున పెట్టడమే కొండ ఎక్కడం వంటిది. అనంతపురం ముస్లింలకు ఈ ఆయతు ఎంతో దగ్గరిది.

దైవప్రవక్త (స) బోధన

హజ్రత్ అబూ సయీద్ ఖుద్రీ (రజి) ఉల్లేఖించిన ఒక హదీసు సహీహ్ ముస్లింలో ఉంది. ఒక ప్రయాణంలో ఒక వ్యక్తి తన వాహనం మీద వచ్చి కుడి ఎడమలకు చూడసాగాడు. అతని అవసరాన్ని గ్రహించిన దైవప్రవక్త (స), అదనంగా వాహనం ఉన్నవారు లేనివారికి ఇవ్వాలని, అదనంగా ఆహారం ఉన్నవారు లేనివారికి ఇవ్వాలని ఆదేశించారు. అలా ఆయన ఒక్కొక్క వస్తువునే పేర్కొంటూ పోయారు. చివరకు, మిగులు మీద తమలో ఎవరికీ హక్కు లేదేమో అని సహాబాలకు అనిపించింది.

ఆ మనిషి నోరు తెరిచి అడగలేదు. అటూ ఇటూ చూశాడు, అంతే. ఆ చూపును చదవగల హృదయం మనకూ ఉండాలి.

ఇద్దరి భోజనం ముగ్గురికి, ముగ్గురి భోజనం నలుగురికి సరిపోతుందని ఆయన (స) తెలిపారు (బుఖారీ, ముస్లిం). కూర వండేటప్పుడు నీరు కాస్త ఎక్కువ పోసి పొరుగువారికి పంపమని హజ్రత్ అబూ జర్ (రజి)కు ఉపదేశించారు (ముస్లిం). చేతి నుండి జారిన ముద్దను సైతం దుమ్ము తుడిచి తినాలని, దాన్ని షైతానుకు వదలరాదని బోధించారు (ముస్లిం). ఒక్క ముద్దకే ఇంత విలువ ఉంటే, సగం దేగ్ అన్నం సంగతి ఏమిటి?

వలీమా చేసే ప్రతి కుటుంబం గుర్తుంచుకోవలసిన హదీసు మరొకటి ఉంది. ధనవంతులను పిలిచి పేదలను విడిచిపెట్టిన వలీమా భోజనమే భోజనాలన్నింటిలో చెడ్డదని హజ్రత్ అబూ హురైరా (రజి) ఉల్లేఖనంలో ఉంది (బుఖారీ, ముస్లిం). కాబట్టి పేదలకు మిగిలింది పంపితే చాలదు. దావత్ పత్రికలు పంచేటప్పుడే వారి పేర్లు జాబితాలో ఉండాలి. మిగులు పంపడం రెండవ మెట్టు. మొదటి మెట్టు వారిని అతిథులుగా కూర్చోబెట్టడం.

ఖలీఫా ఉమర్ (రజి) కరువు కాలం

హిజ్రీ 18వ సంవత్సరంలో అరేబియాలో తీవ్రమైన కరువు వచ్చింది. గాలికి బూడిదలా మట్టి లేచినందువల్ల దాన్ని ‘ఆముర్రమాదా’, అంటే బూడిద సంవత్సరం అన్నారు. పల్లెల నుండి జనం మదీనాకు తరలివచ్చారు. హజ్రత్ ఉమర్ (రజి) ఇతర ప్రాంతాల అధికారులకు లేఖలు రాసి ధాన్యం తెప్పించారు. జనానికి వండి పెట్టించారు. ప్రజల ఇక్కట్లు తీరేదాకా తాను నెయ్యి, మాంసం ముట్టనని నిర్ణయించుకుని నూనెతో రొట్టె తిన్నారు. పాలకుడు తన పళ్ళెంలో తగ్గించుకుని ప్రజల పళ్ళెం నింపాడన్నమాట. మిగిలితే ఇద్దామని ఆయన ఎదురుచూడలేదు.

ఆ తర్వాతి శతాబ్దాలలో ముస్లింలు అన్నదానాన్ని వక్ఫ్ సంస్థలుగా తీర్చిదిద్దారు. ఉస్మానియా సుల్తాన్ సులైమాన్ భార్య హుర్రమ్ సుల్తాన్ 1552లో జెరూసలేంలో స్థాపించిన వంటశాల వాటిలో ప్రసిద్ధమైనది. అక్కడ పేదలకు ప్రతిరోజూ సూపు, రొట్టె పంచేవారు.

చెడినది దానం కాదు

ఇక్కడ ఒక ముఖ్యమైన షరతు ఉంది. మదీనాలో అన్సారులు పండిన ఖర్జూరపు గెలలు తెచ్చి మస్జిదులో వేలాడదీసేవారు. సుఫ్ఫాలో ఉండే పేద సహాబాలు ఆకలి వేసినప్పుడు వచ్చి తినేవారు. ఎవరు పెట్టారో, ఎవరు తిన్నారో ఎవరూ అడిగేవారు కాదు. అయితే కొందరు నాసిరకం, విరిగిపోయిన గెలలు తెచ్చి వేలాడదీశారు. అప్పుడు అల్ బఖరా సూరా 267వ ఆయతు అవతరించిందని హజ్రత్ బరా బిన్ ఆజిబ్ (రజి) తెలిపారు (తిర్మిజీ). తమకు ఎవరైనా ఇస్తే కళ్ళు మూసుకుని తప్ప తీసుకోని చెడ్డ వస్తువును దానంగా ఏరి పెట్టరాదని ఆ ఆయతు హెచ్చరించింది.

మిగిలిన ఆహారం పంచేవారికి ఇదే కొలబద్ద. ఈ అన్నం నా బిడ్డకు పెడతానా? అవును అయితేనే ఇవ్వాలి. పళ్ళెంలో తినగా మిగిలిన ఎంగిలి వేరు, గిన్నెలో చేయి పడని అన్నం వేరు. మొదటిది ఎవరికీ ఇవ్వదగినది కాదు. రెండవది అల్లాహ్ అనుగ్రహం.

ఇంకో మాట. ఆలి ఇమ్రాన్ సూరా 92వ ఆయతు ప్రకారం, మనకు ప్రియమైన దాని నుండి ఖర్చు చేయనంతవరకు మనం పుణ్యశిఖరాన్ని అందుకోలేము. మిగిలినది ఇవ్వడం వృథాను ఆపుతుంది, ఆకలిని తీరుస్తుంది, పుణ్యం కూడా వస్తుంది. కాని దానితోనే మన బాధ్యత పూర్తయిందని భావించకూడదు.

ప్రపంచం ఏం చేస్తోంది?

ఐక్యరాజ్యసమితి పర్యావరణ సంస్థ 2024లో ప్రకటించిన నివేదిక ప్రకారం, 2022లో ప్రపంచమంతటా 105 కోట్ల టన్నుల ఆహారం వృథా అయింది. వినియోగదారులకు అందుబాటులోకి వచ్చిన ఆహారంలో ఇది దాదాపు ఐదవ వంతు. ఇందులో 60 శాతం ఇళ్ళలో, 28 శాతం హోటళ్ళు, క్యాంటీన్ల వంటి చోట్ల, 12 శాతం దుకాణాలలో పోయింది. హోటల్ యజమానిని వేలెత్తి చూపే ముందు మన వంటగది వైపు చూసుకోవాలని ఈ లెక్క చెబుతోంది.

ఫ్రాన్సు 2016లో చట్టం చేసి, 400 చదరపు మీటర్లు దాటిన పెద్ద దుకాణాలు తినదగిన ఆహారాన్ని పాడుచేయకూడదని, స్వచ్ఛంద సంస్థలతో ఒప్పందం చేసుకుని దానం చేయాలని నిర్ణయించింది. ఈజిప్టులో 2006లో, ఐక్య అరబ్ ఎమిరేట్స్‌లో 2017లో ఆహార బ్యాంకులు ఏర్పడ్డాయి. మన పొరుగున హైదరాబాదులో సయ్యద్ ఉస్మాన్ అజహర్ మక్సూసీ 2012లో దబీర్‌పురా ఫ్లైఓవర్ కింద ఆకలిగొన్నవారికి భోజనం పెట్టడం ప్రారంభించారు. ఆకలికి మతం లేదన్నది ఆయన చెప్పే మాట. మన రాష్ట్రంలో ఐదు రూపాయలకు భోజనం పెట్టే అన్న క్యాంటీన్లు 2018లో మొదలై, 2019లో మూతపడి, 2024 ఆగస్టులో మళ్ళీ తెరుచుకున్నాయి.

మిగిలిన ఆహారం ఇస్తే చట్టం చిక్కు వస్తుందేమోనని కొందరు వ్యాపారులు భయపడతారు. మన దేశంలో ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ 2019లోనే మిగులు ఆహార సేకరణ, పంపిణీకి ప్రత్యేక నిబంధనలు ప్రకటించింది. అవి 2020 జూలై నుండి అమలులోకి వచ్చాయి. పంచే సంస్థ నమోదు చేసుకోవాలి. ఆహారం సురక్షితంగా ఉండాలి. ఇచ్చినదానికి లెక్క రాసుకోవాలి. ఉచితంగా పంచినదాన్ని ఎవరూ అమ్ముకోరాదు. అంటే చట్టం దానాన్ని ఆపడం లేదు, శుభ్రంగా చేయమంటోంది. మన ధర్మం చెప్పేదీ అదే.

పంచేటప్పుడు పాటించవలసిన జాగ్రత్తలు

ఒకరి ఆకలి తీర్చబోయి వారిని ఆసుపత్రి పాలు చేస్తే అది మేలు కాదు. ఇతరులకు హాని చేయకూడదన్నది షరీఅత్ మూలసూత్రాలలో ఒకటి. అనంతపురం ఎండాకాలంలో మధ్యాహ్నం 40 డిగ్రీలు దాటే రోజులు ఎన్నో. కాబట్టి ఈ జాగ్రత్తలు తప్పనిసరి.

1. వండిన ఆహారాన్ని గది వాతావరణంలో రెండు గంటలకు మించి ఉంచరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా. 5 నుండి 60 డిగ్రీల మధ్య క్రిములు వేగంగా పెరుగుతాయి. పంపేదాకా పొగలు కక్కేంత వేడిగానైనా ఉంచాలి, లేదా ఫ్రిజ్‌లోనైనా పెట్టాలి.

2. అన్నం విషయంలో మరింత జాగ్రత్త కావాలి. ఉడికినా చావని క్రిమిబీజాలు అన్నంలో ఉండవచ్చు. ఎక్కువసేపు బయట ఉంటే అవి విషాన్ని తయారుచేస్తాయి. మళ్ళీ వేడిచేసినా ఆ విషం పోదు. మధ్యాహ్నం నుండి మూత తీసి ఉన్న బిర్యానీని రాత్రి పంచరాదు.

3. విందు ముగిసేదాకా ఆగకుండా, ఎంత మిగులుతుందో ముందే అంచనా వేసి మూత తీయని దేగ్‌ను పక్కన పెట్టాలి. వడ్డించే గరిటెలు, గిన్నెలు శుభ్రంగా ఉండాలి.

4. ప్యాకెట్ సరుకుల మీద రెండు రకాల తేదీలు ఉంటాయి. ‘బెస్ట్ బిఫోర్’ నాణ్యతకు సంబంధించినది. ‘యూజ్ బై’ లేదా ‘ఎక్స్‌పైరీ’ భద్రతకు సంబంధించినది. ఎక్స్‌పైరీ దాటినది ఇవ్వనే రాదు. అంగడి యజమాని గడువుకు కొన్ని రోజుల ముందే ఇస్తే తీసుకున్నవారు నిశ్చింతగా వాడుకుంటారు.

5. మనుషులకు పనికిరాని కూరగాయల తుక్కు పశువులకు వేయవచ్చు. ప్రాణమున్న ప్రతి జీవికి మేలు చేయడంలో పుణ్యం ఉంది. అయితే బూజు పట్టినది మూగజీవాలకూ పెట్టకూడదు.

కొన్ని మసాయిల్

మిగిలిన భోజనాన్ని జకాత్ లెక్కలో వేసుకోవచ్చా? జకాత్‌కు దాని అర్హులు, షరతులు వేరుగా ఉన్నాయి. హనఫీ ధర్మశాస్త్రం ప్రకారం పేదవానిని ఆ సొమ్ముకు యజమానిని చేయాలి. దస్తర్‌ఖాన్ మీద కూర్చోబెట్టి తినిపించినంత మాత్రాన అది నెరవేరదు. కాబట్టి జకాత్‌ను విడిగా లెక్కకట్టి ఇవ్వాలి. మిగులు ఆహారాన్ని నఫిల్ సదఖాగా భావించాలి. ప్రత్యేక పరిస్థితుల గురించి స్థానిక ఉలమాలను అడిగి తెలుసుకోవాలి.

హోటల్‌లో పనిచేసేవాడు యజమానికి తెలియకుండా మిగిలింది పంచవచ్చా? పంచరాదు. అది అతని చేతిలో ఉన్న అమానత్. అయితే యజమాని అనుమతితో, చెప్పినంత పూర్తిగా, మనస్ఫూర్తిగా అందజేసే నమ్మకస్తుడైన కోశాధికారి కూడా దాతలలో ఒకడేనని హదీసు ఉంది (బుఖారీ). అంటే యజమాని ఒక్కసారి అనుమతిస్తే, రోజూ గిన్నె సర్ది ఇచ్చే పనివానికీ ప్రతిఫలం ఉంటుంది. అలాగే దుబారా చేయకుండా ఇంటి ఆహారంలో నుండి దానం చేసే గృహిణికి, సంపాదించిన భర్తకు ఇద్దరికీ పుణ్యం లభిస్తుంది (బుఖారీ).

ముస్లిమేతరులకు ఇవ్వవచ్చా? నిస్సందేహంగా ఇవ్వవచ్చు. మనతో పోరాడనివారి పట్ల మేలు చేయడాన్ని, న్యాయంగా ప్రవర్తించడాన్ని అల్లాహ్ నిషేధించలేదు (అల్ ముమ్తహినా : 8). అద్దహ్ర్ సూరాలో (76 : 8) పేదవానికి, అనాథకు, ఖైదీకి అన్నం పెట్టేవారి ప్రశంస ఉంది. అయితే వారి అలవాట్లను గౌరవించాలి. శాకాహారం, మాంసాహారం వేరువేరు గిన్నెలలో ఉంచాలి. ఏ మాంసమో చెప్పి ఇవ్వాలి. తెలియకుండా తినిపించడం మోసం అవుతుంది.

పంచేటప్పుడు ఫోటోలు తీయవచ్చా? దానం చేసి దెప్పిపొడవడం, బాధపెట్టడం ఆ దానాన్నే నిష్ఫలం చేస్తుందని అల్ బఖరా సూరా 264వ ఆయతు హెచ్చరిస్తోంది. పొట్లం అందుకుంటున్న మనిషి ముఖాన్ని సెల్‌ఫోనులో బంధించి ఊరంతా చూపడం అతన్ని బాధపెట్టడం కాదా? లెక్క కోసం ఫోటో అవసరమైతే గిన్నెల ఫోటో చాలు.

మన మొహల్లాలో ఏం చేయవచ్చు?

ప్రతి మస్జిదు కమిటీ నలుగురు యువకులకు ఈ పని అప్పగించవచ్చు. ఆ ప్రాంతంలోని షాదీఖానాలు, హోటళ్ళు, బేకరీలు, కిరాణా అంగళ్ళ జాబితా రాసుకుని, యజమానులతో ముందుగా మాట్లాడి ఒక ఫోను నెంబరు ఇవ్వాలి. మూతలున్న స్టీలు గిన్నెలు కొన్ని, ఒక ఆటో చాలు. నిబంధనల ప్రకారం నమోదు చేసుకోవాలి, లేదా ఇప్పటికే నమోదైన సంస్థతో కలిసి పనిచేయాలి. గిన్నె మీద ఏ వంటకం, ఎన్ని గంటలకు వండారు అన్నది చీటీ అతికించాలి.

ఎవరికి ఇవ్వాలన్న జాబితా కూడా ముందే ఉండాలి. మొదట మొహల్లాలోని అడగలేని ఇళ్ళు. తర్వాత ఆసుపత్రి దగ్గర రోగుల బంధువులు, బస్టాండులో, రైల్వే స్టేషనులో రాత్రి గడిపే వలస కూలీలు. గిన్నె చేతికి వచ్చాక ఎవరికి ఇద్దామని వెతికితే ఆ రెండు గంటలు గడిచిపోతాయి.

విందు చేసే కుటుంబం లెక్క ప్రకారం వండించాలి. ఐదు వందల మంది వస్తారంటే ఎనిమిది వందల మందికి వండించడం గొప్పతనం కాదు. ఇంట్లో తల్లులు పిల్లల పళ్ళెంలో కొంచెం కొంచెం వడ్డించి, కావాలంటే మళ్ళీ వేయాలి. సంగటి ముద్ద అయినా, బిర్యానీ అయినా పళ్ళెం ఖాళీ చేసి లేవడం బిడ్డకు నేర్పితే అది దీనీ శిక్షణే.

సోదరులారా, సోదరీమణులారా! ప్రళయదినాన అల్లాహ్ తన దాసునితో, నేను నిన్ను అన్నం అడిగితే పెట్టలేదని అంటాడని సహీహ్ ముస్లింలోని ఒక హదీసు తెలుపుతోంది. సర్వలోకాల ప్రభువువైన నీకు నేనెలా అన్నం పెట్టగలనని దాసుడు విస్తుపోతాడు. ఫలానా దాసుడు ఆకలితో నిన్ను అడిగాడని, అతనికి పెట్టి ఉంటే దాన్ని తన వద్ద పొందేవాడివని అల్లాహ్ గుర్తుచేస్తాడు. ఆ రోజున, మూత పెట్టిన దేగ్ ఒకవైపు, ఆసుపత్రి అరుగు మీద ఖాళీ కడుపు మరొకవైపు ఉండగా మనం ఏం చేశామన్న ప్రశ్నకు జవాబు చెప్పుకోవలసి ఉంటుంది.

అల్లాహ్ మన ఇళ్ళలో బర్కత్ ప్రసాదించుగాక! దుబారా నుండి మనల్ని కాపాడుగాక! మన చేతుల మీదుగా ఆకలిగొన్నవారికి మంచి ఆహారాన్ని, గౌరవంతో అందజేసే భాగ్యం కలిగించుగాక! ఈ కరువు నేల మీద కారుణ్యపు వానలు కురిపించుగాక! ఆమీన్.